స్పోర్ట్స్ మోటారు సైకిలుకు వెనుక టైరు: సరైన సైజును ఎంచుకోవడం ఎలా?

భాగం – 9

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• టైరు పక్కగోడ మీద ముద్రించిన అంకెలు, అక్షరాల అర్థం చెప్పగలుగుతారు.
• రెండు సైజుల టైర్ల వ్యాసాన్ని, చుట్టుకొలతను లెక్కగట్టి పోల్చగలుగుతారు.
• టైరు లావైతే పట్టు పెరుగుతుందన్న నమ్మకాన్ని పీడనం, వైశాల్యాల సంబంధంతో పరిశీలించగలుగుతారు.
• మీ బండికి తగిన టైరును మీరే నిర్ణయించుకోగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

జ్యోతినగర్‌లో గాని, గోదావరిఖనిలో గాని టైర్ల దుకాణానికి స్పోర్ట్స్ బైకు మీద వచ్చిన కుర్రవాడు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ఇది: "అన్నా, దీనికి ఇంకింత లావు టైరు పడ్తదా?" చాలాసార్లు వచ్చే జవాబు: "పడ్తది తమ్మీ." ఆ జవాబు అబద్ధం కాదు. అయితే టైరు పట్టడం వేరు, సరిపోవడం వేరు. ఈ రెండింటికీ ఉన్న తేడాను తెలుసుకోవడమే ఈ భాగం ఉద్దేశం.

ఈ తేడా మన ప్రాంతంలో మరింత ముఖ్యం. ఒకవైపు విద్యుత్ కేంద్రం, మరోవైపు సింగరేణి గనులు. బొగ్గు లారీలు, బూడిద లారీలు తిరిగే రోడ్ల మీదే మీరు కాలేజీకి, షిఫ్టుకు, రాజీవ్ రహదారి మీదుగా కరీంనగర్‌కు వెళ్తారు. గనిలో చెమటోడ్చి సంపాదించిన డబ్బుతో తండ్రి కొనిచ్చిన బండి అది. దాని వెనుక చక్రం మీద తరచు మరొకరు కూడా కూర్చుంటారు. కాబట్టి టైరు ఎంపికను అందానికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడకూడదు.

9.2 టైరు మీది రాత

ఒక టైరు మీద 140/70 ఆర్ 17 ఎం/సి 66 హెచ్ అని ఉందనుకుందాం. దీనిని భాగాలుగా విడదీసి చదవాలి.

140: టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.
70: పక్కగోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో చెప్పే అంకె. 140లో 70 శాతం అంటే 98 మి.మీ.
ఆర్: రేడియల్ నిర్మాణం. ఈ అక్షరానికి బదులు అడ్డగీత ఉంటే అది బయాస్ నిర్మాణపు టైరు.
17: రిమ్ము వ్యాసం, అంగుళాలలో.
ఎం/సి: మోటారు సైకిలు టైరు అని సూచన.
66: భార సూచిక. 66 అంటే ఆ టైరు గరిష్ఠంగా 300 కి.గ్రా. మోయగలదు, 62 అంటే 265 కి.గ్రా.
హెచ్: వేగ సూచిక. పి అంటే గంటకు 150 కి.మీ., ఎస్ అంటే 180, హెచ్ అంటే 210.

కొత్త టైరు భార సూచిక, వేగ సూచిక కంపెనీ ఇచ్చినదానికి సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండాలి. ఎప్పుడూ తక్కువ ఉండకూడదు. తయారీదారు అనుమతిస్తే తప్ప ఒక చక్రానికి రేడియల్, మరొక చక్రానికి బయాస్ టైరు వేయకూడదు.

9.3 వ్యాసం, చుట్టుకొలత

చక్రం మొత్తం వ్యాసం = రిమ్ము వ్యాసం + (2 × పక్కగోడ ఎత్తు)

17 అంగుళాలు అంటే 17 × 25.4 = 431.8 మి.మీ. దీనికి 98 మి.మీ. పక్కగోడను రెండుసార్లు కలిపితే 627.8 మి.మీ. వస్తుంది. దీనిని 3.1416తో గుణిస్తే చుట్టుకొలత సుమారు 1972 మి.మీ. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు రెండు మీటర్లు ముందుకు పోతుంది. ఇదే పద్ధతిలో మిగిలిన సైజులను పోల్చుదాం.

పట్టిక 9.1 (పోలికకు ఆధారం: 140/70-17)
130/70-17: వ్యాసం 613.8 మి.మీ., తేడా 2.2 శాతం తక్కువ
140/70-17: వ్యాసం 627.8 మి.మీ.
150/60-17: వ్యాసం 611.8 మి.మీ., తేడా 2.5 శాతం తక్కువ
150/70-17: వ్యాసం 641.8 మి.మీ., తేడా 2.2 శాతం ఎక్కువ

150/60 టైరు 140/70 కంటే లావుగా ఉన్నా ఎత్తులో పొట్టిది. అంటే మొదటి అంకెను మాత్రమే చూసి టైరు "పెద్దది" అని చెప్పలేము.

ఈ తేడాల ఫలితాలేమిటి? వేగాన్ని గేరుబాక్సు నుంచి గాని, వెనుక చక్రం నుంచి గాని కొలిచే బండికి 140/70 స్థానంలో 150/70 వేస్తే, మీటరు 80 చూపినప్పుడు అసలు వేగం అంతకంటే సుమారు 2 కి.మీ. ఎక్కువ ఉంటుంది. వెనుక భాగం 7 మి.మీ. పైకి లేస్తుంది. రెండు చక్రాల మధ్య దూరం 1325 మి.మీ. ఉన్న బండిలో ఇది సుమారు 0.3 డిగ్రీల వాలు. ఆ మేరకు ముందు ఫోర్కు నిటారుగా మారి, హ్యాండిల్ త్వరగా తిరిగే స్వభావం పెరుగుతుంది. రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్న బండిలో కంట్రోలు యూనిట్ రెండు చక్రాల వేగాలనూ పోల్చి చూస్తుంది. అందువల్ల వ్యాసంలో తేడా ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

9.4 లావు టైరుకు పట్టు ఎక్కువా?

వెనుక చక్రం మీద 150 కి.గ్రా. బరువు ఉందనుకుందాం. ఆ బలం 150 × 9.8 = 1470 న్యూటన్లు. టైరులో గాలి పీడనం 225 కిలోపాస్కల్, అంటే సుమారు 33 పి.ఎస్.ఐ.

సంపర్క వైశాల్యం ≈ బలం ÷ పీడనం = 1470 ÷ 2,25,000 = 0.0065 చదరపు మీటర్లు, అంటే సుమారు 65 చదరపు సెంటీమీటర్లు.

మిమ్మల్ని, మీ వెనుక కూర్చున్నవారిని రోడ్డుకు పట్టి ఉంచే వెనుక ముక్క ఇంచుమించు అరచేయంత మాత్రమే. ఈ సూత్రంలో టైరు వెడల్పు ఎక్కడా లేదని గమనించండి. బరువు, పీడనం మారకుండా లావు టైరు వేస్తే ఆ ముక్క అడ్డంగా పెరిగి, పొడవులో తగ్గుతుంది. వైశాల్యం దాదాపు అంతే ఉంటుంది.

మరి వెయ్యి సీసీ బండ్లకు 190, 200 మి.మీ. టైర్లు ఎందుకు? రబ్బరు ఘర్షణ మీరు పాఠాల్లో చదివిన సాధారణ నియమాన్ని పూర్తిగా పాటించదు. పైగా అంత శక్తివంతమైన ఇంజను వెనుక టైరును విపరీతంగా వేడెక్కిస్తుంది. ఆ వేడిని తట్టుకోవడానికి ఎక్కువ రబ్బరు కావాలి. 150 లేదా 200 సీసీ బండికి ఆ అవసరం లేదు. దానికి మిగిలేది అదనపు బరువు, పెరిగిన జడత్వ భ్రామకం, తగ్గిన పికప్, తగ్గిన మైలేజి.

9.5 రిమ్ము వెడల్పు

ఎక్కువమంది మరిచిపోయే కొలత ఇదే. ప్రతి టైరుకూ తగిన రిమ్ము వెడల్పుల పరిధి ఉంటుంది. ఉదాహరణకు 140/70-17కు ప్రామాణిక రిమ్ము 4 అంగుళాలు, సాధారణంగా 3.5 నుంచి 4.5 అంగుళాల వరకు అనుమతిస్తారు. మీ రిమ్ము వెడల్పు రిమ్ము మీదే పోతపోసి ఉంటుంది.

ఇరుకు రిమ్ము మీద లావు టైరు ఎక్కిస్తే దాని అంచులు దగ్గరికి నొక్కుకుపోతాయి. నడినెత్తి గోపురంలా లేస్తుంది. బండి నిటారుగా ఉన్నప్పుడు నేలను తాకే పట్టీ సన్నబడి నడుమ త్వరగా అరుగుతుంది. మలుపులో వంగినప్పుడు టైరు తయారీదారు ఉద్దేశించినట్లు నడుచుకోదు. రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు అసలు వెడల్పు కూడా సుమారు 5 మి.మీ. తగ్గుతుంది. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న లావులో సగం పోయినట్టే.

9.6 మలుపులో వంపు

30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 52 కి.మీ. వేగంతో తిరగాలంటే, టైరు మందం లేదనుకుంటే బండి సుమారు 35 డిగ్రీలు వంగాలి. నిజమైన టైరుకు వెడల్పు ఉంటుంది కాబట్టి, బండి వంగినప్పుడు నేలను తాకే బిందువు పక్కకు జరుగుతుంది. ఆ మేరకు బండి ఇంకా వంగాలి. గురుత్వ కేంద్రం 600 మి.మీ. ఎత్తున ఉండి, రెండు టైర్లూ 130 మి.మీ. అయితే సుమారు 4 డిగ్రీలు, 150 మి.మీ. అయితే సుమారు 4.7 డిగ్రీలు అదనంగా వంగాలి. లావు టైరుతో బండి "బద్ధకంగా" తిరుగుతోందని చెప్పడానికి ఇదొక కారణం.

9.7 ఉదాహరణ: యమహా ఆర్15

మన దేశంలో 2008లో వచ్చిన ఆర్15కు వెనుక టైరు 100/80-17. 2011లో వచ్చిన రెండవ రూపానికి 130/70, 2018లో వచ్చిన మూడవ రూపానికి 140/70 ఇచ్చారు. "కంపెనీయే పెంచింది, మేము పెంచితే తప్పేమిటి?" అని మీరు అడగవచ్చు. 2011లో కంపెనీ టైరును మాత్రమే పెంచలేదు. దానికి తగినట్లు రిమ్మును వెడల్పు చేసింది, స్వింగ్ ఆర్మును మార్చింది. పాత రిమ్మును, పాత స్వింగ్ ఆర్మును అలాగే ఉంచి టైరును మాత్రం మార్చడం ఆ పనిలో మూడో వంతు చేయడమే.

9.8 మన ఎండలు, మన రోడ్లు

రామగుండంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం మీకు కొత్త కాదు. 27 డిగ్రీల వద్ద 33 పి.ఎస్.ఐ. గాలి ఉన్న టైరు 57 డిగ్రీలకు వేడెక్కితే, వాయు నియమం ప్రకారం పీడనం దాదాపు 38కి చేరుతుంది. ఈ పెరుగుదల సహజం. వేడి టైరులోంచి గాలి తీసేస్తే, చల్లబడ్డాక టైరు మెత్తబడుతుంది. అందుకే ఉదయం, బండి నడపక ముందు గాలి చూసుకోవాలి.

తొలకరి జల్లు బొగ్గు దుమ్మును, బూడిదను పలుచని బురదపొరగా మారుస్తుంది. ఆ పొర మీద టైరు లావు మిమ్మల్ని కాపాడదు. గాడుల లోతు, సరైన గాలి, తగ్గించిన వేగం కాపాడతాయి. ద్విచక్ర వాహనానికి గాడి లోతు అరుగుదల సూచికకు పైన కనీసం 0.8 మి.మీ. ఉండాలని నిబంధన. వానకాలానికి ముందు అంతవరకు ఆగకుండా మార్చుకోవడం మేలు.

9.9 కొనేముందు చూడవలసినవి

1. బండితో ఇచ్చిన పుస్తకంలోని సైజు, భార సూచిక, వేగ సూచిక. మొదటి ఎంపిక ఎప్పుడూ ఇదే.
2. వేరే సైజు తప్పనిసరైతే: రిమ్ము పరిధి, వ్యాసంలో తేడా, స్వింగ్ ఆర్ము, చెయిను, మడ్‌గార్డులతో ఉండే ఖాళీ.
3. తయారీ తేదీ. చివరి నాలుగు అంకెలు 2324 అయితే 2024వ సంవత్సరం 23వ వారం అని అర్థం.
4. చట్టం. తయారీదారు నిర్దేశించిన, రిజిస్ట్రేషనులో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను చెబుతుంది.

9.10 సారాంశం

వెనుక టైరు విడి వస్తువు కాదు. రిమ్ము, ఫోర్కు కోణం, ఏబీఎస్, ఇంజను శక్తి అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. లావు పెంచినంత మాత్రాన సంపర్క వైశాల్యం పెరగదు. ఉన్న పట్టును కాపాడేవి సరైన సైజు, సరైన గాలి, అరగని గాడులు. లావు టైరుకు పెట్టే అదనపు డబ్బుతో కంపెనీ సైజులోనే మేలురకం టైరు కొనుక్కోవచ్చు.

9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మీ బండికి కంపెనీ ఇచ్చినది 130/70-17. దుకాణంలో 140/60-17 చూపించారు. వ్యాసంలో తేడా ఎంత శాతం?
2. కంపెనీ టైరు 66 హెచ్. తక్కువ ధరకు 62 పి దొరుకుతోంది. తీసుకోవచ్చా? కారణం రాయండి.

సమాధానాలు
1. కొత్త పక్కగోడ 84 మి.మీ.; వ్యాసం 599.8 మి.మీ. పాత వ్యాసం 613.8 కాబట్టి తేడా 14 మి.మీ., సుమారు 2.3 శాతం తక్కువ.
2. తీసుకోకూడదు. భార సామర్థ్యం 300 నుంచి 265 కి.గ్రా.కు, వేగ పరిమితి 210 నుంచి 150 కి.మీ.కు తగ్గుతుంది.