మీకు తెలుసా? తిప్పతీగ అందరికీ పడదు

దామరచర్ల, మిర్యాలగూడ వైపు కంచెలకూ వేపచెట్లకూ అల్లుకునే తిప్పతీగను ఆయుర్వేదం గుడూచి, అమృత అంటుంది. జ్వరానికి, షుగరుకు దీని కషాయం తాగడం పాత అలవాటే. వేప మీద పాకిన తీగకే గుణం ఎక్కువని పెద్దల నమ్మకం. కరోనా కాలంలో ఇది ఇంటింటి మందైంది.

చిక్కూ అప్పుడే వచ్చింది. తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబయి వైద్యులు ప్రకటించారు. 2022లో వచ్చిన మరో అధ్యయనం దేశంలో ఇలాంటి 43 కేసులను పరిశీలించింది. వాళ్లు వాడింది అసలు తీగేనా అని ఆయుష్ శాఖ ప్రశ్నించింది. దీన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే తీగ ఉంది మరి. దాని కాండం నిండా బుడిపెలే. ప్రశ్న సబబే. కానీ కంచె మీద కోసుకునేవాళ్లలో ఆ తేడా చూసేదెందరు?

కీళ్లవాతం, థైరాయిడ్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవారు, కాలేయ రోగులు, గర్భిణులు దీన్ని సొంతంగా వాడొద్దు. షుగరు మాత్రలతో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా కషాయం ఆపేయండి. డాక్టరు దగ్గర తిప్పతీగ మాట దాచకండి.