థైరాయిడు గ్రంథి – దేహభారము

గద్వాలలో మగ్గము ముందు కూర్చుండు నేతకత్తెయు, వనపర్తిలో బడికేగు పంతులమ్మయు, నాగర్‌కర్నూలులో సేద్యము చూచుకొను గృహిణియు నేడు వైద్యుని తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. తిండి పెరుగలేదు, ఒళ్ళేల పెరిగినది? ఇరుగుపొరుగువారు వైద్యునికంటె ముందే సమాధానము చెప్పుదురు. కొందరు సోమరితన మందురు; మరికొందరు థైరాయిడు అందురు. మొదటిమాట రోగికి అన్యాయము చేయవచ్చును. రెండవది పరీక్ష లేకయే తీర్పు చెప్పుట యగును. కనుక ఈ గ్రంథికిని బరువునకును గల సంబంధమును కొంచెము విచారింతము.

మెడ ముందుభాగమున, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు ఈ గ్రంథి యుండును. పెద్దవారిలో దీని తూకము ఇంచుమించు 15 నుండి 20 గ్రాములు. రక్తమునుండి అయొడినును గ్రహించి ఇది థైరాక్సిను అను హార్మోనును తయారు చేయును. దేహమునందలి కణములు ఆహారమును ఎంత వేగముగా వినియోగింపవలెనో ఈ హార్మోను నిర్ణయించును. 1895లో మాగ్నస్ లెవీ అను జర్మను వైద్యుడు రోగుల శ్వాసను కొలిచి ఈ విషయమును తేల్చెను. గ్రంథి మందగించినప్పుడు పొయ్యిలో కట్టెలు వెనుకకు లాగినట్లగును: చలి, అలసట, మలబద్ధకము, పొడిచర్మము, జుట్టు రాలుట, ఋతుక్రమము తప్పుట కనిపించును. అతిగా పనిచేసినప్పుడు కట్టెలన్నియు ఎగదోసినట్లగును: ఎంత తిన్నను మనిషి చిక్కిపోవును; గుండె దడదడలాడును; చేతులు వణకును.

అయితే మందగించిన గ్రంథివలన పెరుగు బరువు సాధారణముగా రెండు మొదలు అయిదు కిలోలు మాత్రమే. అందులోను పెద్దభాగము దేహమున నిలిచిన ఉప్పు, నీరు, కొవ్వు తక్కువ. ఇరువది కిలోలు పెరిగినవారు భారమంతయు గ్రంథిపై మోపరాదు. ఆహారము, నిద్ర, శ్రమ మొదలగువానిని గూడ పరిశీలింపవలెను.

గ్రంథికి అయొడిను ఎంత అవసరమో లోకమునకు చూపినవారిలో మన తెలుగువాడొకడు కలడు. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి, 1956 మొదలు హిమాలయపు కాంగ్రా లోయలో పరిశోధన సాగించెను. అయొడిను కలిపిన ఉప్పు వాడిన ప్రాంతములలో గళగండము తగ్గినది. 1962లో దేశమంతటికి గళగండ నివారణ పథకము వచ్చినది. పెద్దవారికి దినమునకు కావలసినది 150 మైక్రోగ్రాములే. డెబ్బది ఏండ్లకు కలిపి నాలుగు గ్రాములు మించదు. కాని ఆ కొంచెము లేనిచో పుట్టబోవు బిడ్డ బుద్ధివికాసమే కుంటుపడవచ్చును. సముద్రపుటుప్పు గనుక అయొడిను దానంతట అదే యుండునని తలపరాదు. దొడ్డుప్పైనను, మెత్తనుప్పైనను అయొడిను కలిపినదో లేదో సంచిపై చూచి కొనవలెను. మూతగల జాడీలో, పొయ్యికి దూరముగా నుంచవలెను.

అట్లని ఉప్పు ఎక్కువ తిన్నచో జబ్బు కుదురదు. అయొడిను చాలినంత దొరకుచోట్ల, దేహరక్షణకై యున్న శక్తులే పొరపాటున ఈ గ్రంథిపై దాడి చేయుట వ్యాధికి ముఖ్యకారణము. ఇది స్త్రీలలో అధికము. రక్తపరీక్షతో దీనిని తెలిసికొనవచ్చును. వైద్యుడు వ్రాసిన మాత్రను ఉదయము పరగడుపున మంచినీళ్ళతో వేసికొని, అరగంట మొదలు గంటవరకు ఏమియు తినకుండవలెను. ఇనుము, కాల్షియము మాత్రలకు నాలుగు గంటల ఎడముండవలెను.

రెండు తప్పులు మాత్రము చేయరాదు. గ్రంథి బాగుగానే యున్నవారు సన్నబడుటకై ఈ మాత్రలు మ్రింగరాదు. గుండె లయ తప్పును, ఎముకలు పలుచబడును. గర్భిణి అయిన పిమ్మట, బిడ్డకు కీడగునేమో యని మాత్రను మానరాదు, మానుటయే కీడు. తొలినెలలలో శిశువునకు తల్లి హార్మోనే ఆధారము. అప్పుడు మోతాదు పెంచవలసి యుండవచ్చును గనుక వెంటనే వైద్యుని చూడవలెను.

2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులందును, 2024లో గద్వాలయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. ఇంటిలోని స్త్రీ అలసటను తిండిపోతుతనమనియో, బద్ధకమనియో కొట్టివేయక, ఒక్కసారి పరీక్ష చేయించుట ఇంటివారి విధి.