పుష్యమాసంలో పల్లె ఇంటి ధర

భూమికి కులం ఉందన్న మాట మనకు కొత్త కాదు. ఇంటికీ కులం ఉందనీ, ఆ కులమే ఇంటి ధరను నిర్ణయిస్తుందనీ, శీతకాలంలో ఆ ధర మరింత కుంగిపోతుందనీ మాత్రం మన చర్చల్లోకి ఇంకా రాలేదు. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఏటా మార్గశిర, పుష్య మాసాల్లో దళితవాడల ఇళ్లు నిశ్శబ్దంగా చేతులు మారుతుంటాయి. ఈ అమ్మకాలు పత్రికల్లో ప్రకటనలుగా కనిపించవు. చాలావరకు రిజిస్ట్రేషన్ కార్యాలయానికీ చేరవు. తెల్లకాగితం మీదనో, నోటరీ ముద్ర మీదనో ముగిసిపోతాయి. వీటిని కుటుంబాల వ్యక్తిగత కష్టాలుగా చూసి ఊరుకుంటే ఒక పెద్ద ఆర్థిక అన్యాయం మన కళ్ల ముందే దాగిపోతుంది.

ముందు ఈ కాలం సంగతి చూడాలి. నల్లరేగడిలో పత్తి తీత కార్తీకంలో ఊపందుకొని సంక్రాంతి దాటేదాకా సాగుతుంది. కొత్త మిర్చి గుంటూరు యార్డుకు జోరుగా వచ్చేది మాఘం నుంచి చైత్రం వరకు. మిరపకు పెట్టుబడి భారం మాత్రం అంతకు ముందే పడుతుంది. పురుగుమందులు, ఎరువులు, తొలి కోత కూలి అన్నీ డిసెంబరు, జనవరి నెలల్లోనే చేతి నుంచి పోవాలి. ఒక్క టిక్కీ కూడా యార్డు చేరకముందే అప్పు ఇచ్చినవాడు గుమ్మంలో నిలబడతాడు. డబ్బు అవసరం పతాక స్థాయిలో ఉండే ఈ రోజుల్లోనే చేతిలో డబ్బు అడుగంటుతుంది.

ఈ భారం అందరి మీదా సమానంగా పడదు. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్లు వచ్చాక మెట్ట పొలాల విలువ పెరిగింది. ఆ విలువ ప్రధానంగా కమ్మ, రెడ్డి భూస్వాముల, మధ్యతరగతి రైతుల చేతిలో స్థిరపడింది. వారి తర్వాతి తరం చదువుకొని హైదరాబాదుకో, అమెరికాకో వెళ్లింది. పొలం కౌలుకు మిగిలింది. ఆ కౌలు చేస్తున్నవారిలో దళితులు, వెనుకబడిన కులాలవారు గణనీయంగా ఉన్నారు. కౌలు డబ్బు చాలాచోట్ల ముందుగానే చెల్లించాలి. పంట పోతే యజమానికి నష్టం లేదు, కౌలుదారుకు మాత్రం రెండు నష్టాలు. 2011 నాటి భూఅధీకృత సాగుదారుల చట్టం, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇస్తామన్నాయి. 2019 చట్టం కింద యజమాని అంగీకారం లేనిదే ఆ కార్డు చేతికి రాదు, కార్డు వచ్చినా బ్యాంకు తలుపు తేలిగ్గా తెరుచుకోదు. అందుకే అప్పు ప్రామిసరీ నోటు మీద వస్తుంది. దాని వెనక హామీగా నిలబడేది కౌలు పొలం కాదు, ఎందుకంటే అది అతనిది కాదు. హామీగా నిలబడేది అతని ఇల్లు.

1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు ఇదే నేల మీద పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. 2021-22 శీతకాలంలో నల్ల తామరపురుగు మిరప పూతను పీల్చేసినప్పుడు కౌలుదారు కుటుంబాలు పొలాల్లోనే పైరు దున్నేశాయి. ప్రతి తెగులు తర్వాతా పరిహారం లెక్కలు పట్టాదారు పాసుపుస్తకం చుట్టూ తిరుగుతాయి. అమ్ముడైన ఇళ్ల లెక్క మాత్రం ఏ శాఖా తీయదు.

ఇక పంచాంగం సంగతి. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి వరకు ధనుర్మాసం. పుష్యాన్ని శూన్యమాసం అంటారు. కొనుగోళ్లకు, గృహప్రవేశాలకు ముహూర్తాలు లేవంటారు. కాస్త సొమ్మున్న కొనుగోలుదారు మాఘం వచ్చేదాకా ఆగుతాడు. పల్లెల్లో చాలా కుటుంబాలు చర్చికి వెళ్తాయి. పంచాంగం వాళ్లది కాదు, అయినా పంచాంగం వల్ల కలిగే నష్టం వాళ్లదే. ముహూర్తం అక్కరలేని కొనుగోలుదారు ఈ కాలంలో ఒక్కడే ఉంటాడు. అతడు అప్పు ఇచ్చినవాడు.

మా పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, అద్దంకి ప్రాంతంలో మూడెకరాలు కౌలుకు చేసేవాడు. ఒక శీతకాలంలో ఆయన ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు నేను దగ్గరుండి చూశాను. రెండు గదుల స్లాబు ఇల్లు, ముందు వేపచెట్టు. పల్లెలోనే మరో కుటుంబం ఐదు లక్షలకు తీసుకుంటామంది. కానీ మిరప కోతల కూలి చేతికొచ్చాక, ఉగాది నాటికి ఇస్తామంది. అప్పిచ్చిన ఆసామి మూడుంబావు లక్షలకు లెక్క కట్టుకొని, బాకీ పోను మిగిలింది సంక్రాంతి లోపే చేతిలో పెడతానన్నాడు. పాప నర్సింగు కాలేజీ ఫీజుకు గడువు జనవరి మొదటి వారం. మూడు నెలలు ఆగలేకపోయినందుకు అన్నయ్య చెల్లించిన మూల్యం లక్షా డెబ్భై ఐదు వేలు. ఏ బ్యాంకు అయినా ఆ మూడు నెలలకు ఇంటి మీద అప్పు ఇచ్చి ఉంటే వడ్డీ అందులో పదో వంతు కూడా అయ్యేది కాదు. బ్యాంకు ఇవ్వలేదు. కారణం, ఆ ఇంటికి ఉన్న కాగితం డి-పట్టా, అది కూడా వదినె పేరు మీద. అప్పు తెచ్చింది ఆయన, వేలిముద్ర వేసింది ఆమె.

ఈ కాగితం దగ్గర మనం కాసేపు ఆగాలి. పేదలకిచ్చిన భూమి పెద్దల పాలు కాకూడదన్న మంచి ఉద్దేశంతో 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. కొన్నవాడి నుంచి భూమి తీసుకొని అసలు లబ్ధిదారుకు తిరిగి ఇప్పించే వీలు ఆ చట్టంలో ఉంది. తర్వాత రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద నిషేధిత ఆస్తుల జాబితాలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలకు చేరాయి. ఇటీవలి సవరణలు నిర్ణీత గడువు దాటిన ఇళ్ల స్థలాలకు అమ్ముకునే వీలు కల్పించాయి. 2023 సవరణ 20 ఏళ్లు దాటిన సాగు భూములకూ ఆ వెసులుబాటు ఇచ్చింది. అయితే చట్టం మారినంత వేగంగా జాబితా మారదు. తన సర్వే నంబరును ఆ జాబితా నుంచి తీయించుకోవడానికి లబ్ధిదారే తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాలి.

అమ్మకం మీద ఆంక్షలు సడలిస్తే దళితుల చేతిలో ఉన్న కాస్త ఆస్తీ పోతుందని వాదించే మిత్రులున్నారు. ఆ భయం నిరాధారం కాదు. రాజధాని కోసం 2015 జనవరిలో భూసమీకరణ మొదలైన రోజుల్లో, ఒకే మట్టిలో పక్కపక్కనే ఉన్న పట్టా భూమికీ అసైన్డ్ భూమికీ తొలుత వేర్వేరు ప్యాకేజీలు ప్రకటించారు. కాగితం తేడా ఎంత ఖరీదైనదో అప్పుడు దళిత రైతులకు తెలిసివచ్చింది. కానీ నా వాదన ఇది. నిషేధం ఉన్నంత మాత్రాన అమ్మకం ఆగలేదు. అప్పు పుట్టే మార్గం చూపకుండా అమ్మకాన్ని మాత్రమే నిషేధిస్తే, అమ్మకం తెల్లకాగితం మీద జరుగుతుంది. కొనేవాడు చట్టపరమైన ప్రమాదాన్ని లెక్కగట్టి ధర తగ్గిస్తాడు. ఆ తగ్గింపును భరించేది చట్టం ఎవరిని కాపాడాలనుకుందో వాళ్లే. సాగు భూమికి రక్షణ కావాలి, నిజమే. నివాస గృహానికి మాత్రం రక్షణ అంటే స్పష్టమైన హక్కుపత్రం, దాని మీద సకాలంలో పుట్టే అప్పు.

కాగితం సరిచేస్తే సమస్య తీరిపోతుందా? తీరదు. పల్లెలో ఇంటికి కొనుగోలుదారులు పల్లెలోనే ఉండాలి. ఊరివాళ్లెవరూ అక్కడ కాపురానికి రారు. రోడ్డు పక్క స్థలమైతే గోదాముకో, కల్లానికో అడుగుతారు. అంటే ఆ ఇంటి మార్కెట్టు పల్లె పొలిమేరతో ఆగిపోతుంది. ఒకే తెగులుకు, ఒకే అప్పుకు, ఒకే కూలికి కట్టుబడిన మనుషులు మాత్రమే కొనగలిగే మార్కెట్టు అది. ఒకరు అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు మిగతావారి చేతిలోనూ డబ్బుండదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తన నవలకు 'మాలపల్లి' అని పేరు పెట్టారు. నూరేళ్లు దాటినా ఆ పేరు ఇప్పటికీ మన గ్రామాల్లో ఒక చిరునామాగానే మిగిలింది. ప్రభుత్వాలు కూడా కొత్త ఇళ్ల స్థలాలను 'ఎస్సీ కాలనీ' పేరుతో విడిగానే వేసి ఆ పొలిమేరను కాంక్రీటుతో గట్టిపరిచాయి.

ఎదురు దిశలోనూ తలుపు మూసే ఉంటుంది. కొన్నేళ్ల క్రితం ఈ జిల్లాలోని ఒక పట్టణంలో నేనొక పాత ఇల్లు కొనబోయాను. ధర కుదిరింది, బయానా ఇవ్వడానికి వెళ్లాను. యజమాని మర్యాదస్తుడు, కాఫీ ఇచ్చాడు. ఇంటిపేరు అడిగాడు. ఊరు అడిగాడు. "ఊళ్లో ఎటువైపండీ?" అని అడిగాడు. చెప్పాను. మర్నాడు ఫోను వచ్చింది. "ఏమనుకోకండి సార్, మా బావమరిది తనకే కావాలంటున్నాడు" అన్నాడు. ఆ ఇల్లు మరో ఏడాది పాటు అమ్మకానికే ఉంది. ఆచార్య పదవి, డాక్టరేటు, బ్యాంకు మంజూరు పత్రం మూడూ ఆ ఒక్క ప్రశ్న ముందు నిలబడలేదు. ఆ రోజు యజమాని ఏ నేరమూ చేయలేదు. మన చట్టం దృష్టిలో అది నేరం కాదు.

1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం, దాని 2015 సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను శిక్షార్హం చేశాయి. కానీ ఒక వ్యక్తి మర్యాదగా సాకు చెప్పి ఇల్లు అమ్మననడాన్ని ఆ నిర్వచనంలోకి తేవడం దాదాపు అసాధ్యం. 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం కేసులో, సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకునే నిబంధనను సుప్రీంకోర్టు సమర్థించింది. అది ఒక చిన్న మైనారిటీ సంఘం విషయం కావచ్చు. ఆ తర్కం మాత్రం పెద్ద కులాల గృహసంఘాలకూ అందుబాటులోకి వచ్చింది. అమెరికాలో నల్లవారికి ఇళ్లు అమ్మబోమని తెల్లవారు రాసుకున్న ఒడంబడికలను న్యాయస్థానాలు అమలు చేయరాదని అక్కడి సుప్రీంకోర్టు 1948లోనే షెల్లీ కేసులో చెప్పింది. 1968 నాటి గృహవసతి చట్టం జాతి కారణంగా ఇల్లు అమ్మడానికి నిరాకరించడాన్నే చట్టవిరుద్ధం చేసింది. మన ఊళ్లకు రాతపూర్వక ఒడంబడికలు అక్కర్లేదు. "ఎటువైపండీ?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

ఈ నేల మీద ఇంటి ప్రశ్న ప్రాణాలతో ముడిపడినదని కూడా గుర్తుంచుకోవాలి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హతులయ్యాక, బతికినవారు చీరాలకు తరలి అక్కడే కొత్త కాలనీ కట్టుకోవలసి వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపాక ఎన్నో కుటుంబాలు తెనాలి శిబిరాల్లో తలదాచుకున్నాయి. హత్యలను, న్యాయస్థానాల తీర్పులను మనం చర్చించాం, చర్చించాలి కూడా. వదిలివచ్చిన గుమ్మాల గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఇల్లు వదిలి పారిపోయినవాడికి దానిని అమ్ముకునే హక్కు కాగితం మీద ఉంటే ఉండవచ్చు. ధర అడిగేవాడెవడు?

కాబట్టి చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. గడువు దాటిన పేదల ఇళ్ల స్థలాలను నిషేధిత జాబితా నుంచి దరఖాస్తు లేకుండానే తొలగించి, ఆ ఇంటి స్త్రీ పేరుతో నిరభ్యంతర హక్కుపత్రం ఇవ్వాలి. కార్తీకం నుంచి ఉగాది వరకు పల్లె ఇళ్ల మీద స్వల్పకాలిక అప్పును ఎస్సీ కార్పొరేషన్ హామీతో బ్యాంకులు ఇవ్వాలి. పంట యార్డు చేరాక తిరిగి చెల్లించే అప్పు అది. కొత్త ఇళ్ల స్థలాలను కులాల వారీగా విడదీసి వేయడం ఆపాలి. కులం కారణంగా ఇల్లు అమ్మడానికో, అద్దెకివ్వడానికో నిరాకరించడాన్ని చట్టవిరుద్ధం చేసే ప్రత్యేక చట్టాన్ని రాష్ట్ర శాసనసభ చేయాలి. మొదటి రెండూ ప్రభుత్వ ఉత్తర్వులతో అయ్యే పనులు. చివరి రెండింటికి రాజకీయ సంకల్పం కావాలి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీ పరిశోధనలకు అంశం వెతుక్కుంటున్నట్లయితే ఈ శీతకాలం మీ మండలంలోని ఒక్క పల్లెకు వెళ్లండి. గత పదేళ్లలో ఏ ఇల్లు ఏ నెలలో, ఎవరికి, ఎంతకు, ఏ కాగితం మీద అమ్ముడైందో రాసుకోండి. ప్రభుత్వం తీయని లెక్క అది. ఆ లెక్క చేతిలో ఉంటే ఈ వాదన నా ఒక్కడి వాదనగా మిగిలిపోదు.