పాల బండి టైరుకు గంటు పడితే

సంఘ సభ్యులకు,

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో మన పాల బండ్లు నడిచేది బొగ్గు లారీలు తిరిగే దారుల మీదనే. రాలిన బొగ్గు పెళ్లలు, కంకర, వైరు ముక్కలు, ఊడిపడిన బోల్టులు ఆ దారిలో నిత్యం కనిపిస్తాయి. వాటి వలన టైరుకు చిన్న గంట్లు పడడం సహజం. ప్రతి గంటుకూ కొత్త టైరు అవసరం లేదు. అయితే ఏ గంటునూ చూడకుండా వదలరాదు.

నేను తనిఖీకి వెళ్లిన ఒక సంఘంలో కిరాయి బండి టైరుకు పడ్డ గంటును డ్రైవరు వారం ముందే చూశాడు. "ఇంకా నడుస్తుందిలే" అనుకున్నాడు. ఎండాకాలంలో ఒకనాడు దారి మధ్యలో టైరు పగిలింది. స్టెప్నీలో గాలి లేదు. నలభై లీటర్ల క్యాన్లు ఎనిమిది, అనగా 320 లీటర్ల పాలు శీతల కేంద్రం చేరేసరికి పులిశాయి. ఆ నష్టం చివరకు సభ్యుల బిల్లులోనే పడింది.

గంటును ఎలా గుర్తించాలి?

1. గాడుల్లో ఇరుక్కున్న రాళ్లను మొన లేని పనిముట్టుతో తీయాలి. వదిలితే బరువుకు అవి లోపలికి దిగుతాయి.

2. గంటు పై రబ్బరులోనే ఉంటే టైరు వాడవచ్చు. వారం వారం చూస్తుండాలి.

3. దారపు పోగులు గాని, ఉక్కు తీగలు గాని కనిపిస్తే ఆ టైరును నడపరాదు. నీరు దిగి తీగలు తుప్పు పడతాయి.

4. టైరు ఉబ్బినా, పక్క భాగం తెగినా ప్యాచి పనికిరాదు. టైరు మార్చాలి.

5. ట్యూబులేని టైరులో మేకు దిగితే దారిలో పీకరాదు, గాలి ఒక్కసారిగా పోతుంది. గాలి నిలిచి ఉంటే నెమ్మదిగా పంక్చరు దుకాణానికి చేర్చాలి. గాలి పోతూ ఉంటే అక్కడే స్టెప్నీ వేయాలి.

6. నేలను తాకే భాగంలో 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రాన్ని బాగుచేయవచ్చు. బయటి నుండి దూర్చే రబ్బరు దారం తాత్కాలికమే. టైరు విప్పి లోపలి నుండి ప్యాచి వేయించడమే మేలు.

7. ట్యూబు టైరు అయితే, ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపలి వైపు గుడ్డతో తడిమి చూడాలి. మేకు మొన మిగిలితే మరల పంక్చరు తప్పదు.

గాలి తగ్గుతుందన్న అనుమానం ఉంటే సబ్బు నీళ్లు పోయండి. బుడగలు వచ్చిన చోటే రంధ్రం. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలి. నాలుగు చక్రాల బండికి ట్రెడ్డు లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చవలసినదే. గాడి మధ్యలో ఉన్న చిన్న గట్టుతో రబ్బరు సమమైతే ఆ హద్దు వచ్చినట్టు.

బండి కిరాయిదే అయినా, అందులోని పాలు మనవి. కనుక మంచి స్టెప్నీ, జాకీ ఉండాలని కిరాయి ఒప్పందంలో రాయించండి. క్యాన్లు ఎక్కించే ముందు కార్యదర్శి గాని, ఒక సభ్యుడు గాని చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి. దానికి పట్టేది రెండు నిమిషాలు.