ఎదురుగాలే మన గుట్ట

నిజాంసాగర్ నిండినప్పుడు దాని నీటిమట్టం 1405 అడుగులు. అక్కడి నుంచి మంజీర నది ఉత్తరానికి పారి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ సంగమం దాకా ఎగదన్నే శ్రీరాంసాగర్ పూర్తిమట్టం 1091 అడుగులు. తేడా 314 అడుగులు, అంటే 96 మీటర్లు. నిజాంసాగర్‌కూ కందకుర్తికీ నడుమ తిన్నగా కొలిస్తే 70 కిలోమీటర్లకు కాస్త తక్కువ. కిలోమీటరుకు మీటరున్నర వాలు కూడా లేదన్నమాట. 1923–31 మధ్య ఆనకట్ట కట్టినవాళ్లు 2.75 లక్షల ఎకరాలకు కాల్వ నీళ్లు పారించాలని లెక్క వేసుకున్నది ఈ నెమ్మదైన నేలను నమ్ముకునే. బోధన్ చెరుకు పెరిగిందీ ఆ నీళ్లతోనే.

ఇంత చదును నేల మీద సరదాగా సైకిల్ తొక్కేవాళ్లకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: గుట్టల్లేని చోట సైక్లింగ్‌లో కష్టమేముంది, మజా ఏముంది? నిజామాబాద్ నుంచి బోధన్ దాకా ఒక్క వానాకాలపు పొద్దున తొక్కినవాళ్లు ఆ మాట అనరు. ఎందుకనరో లెక్కలో చూద్దాం.

మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుందాం. మామూలు సైకిల్ మీద నిటారుగా కూర్చొని మంచి తారురోడ్డు మీద, గాలి లేనప్పుడు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే కాళ్లు సుమారు 66 వాట్ల శక్తి ఇవ్వాలి. అందులో 28 వాట్లు టైర్ల రాపిడికి పోతాయి. మిగతా 38 గాలిని చీల్చుకుంటూ పోవడానికే ఖర్చవుతాయి. వేగం 25కి పెంచితే మొత్తం 109 వాట్లు, 30కి పెంచితే 169. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగేసరికి శ్రమ రెండున్నర రెట్లు దాటింది. పైన చెప్పిన మంజీర వాలు ఎక్కడానికి అదనంగా అయ్యేది ఆరేడు వాట్లే. కల్వర్టుల దగ్గర చిన్న చిన్న ఎత్తుపల్లాలు తగులుతాయి గానీ, అవి మొత్తం లెక్కను మార్చవు.

ఇప్పుడు ఎదురుగాలి కలుపుదాం. ఛాతీకి గంటకు 10 కిలోమీటర్ల గాలి కొడుతుంటే, అదే 20 వేగాన్ని నిలబెట్టుకోవడానికి 113 వాట్లు కావాలి. అదనంగా పడ్డ 47 వాట్లు, ప్రతి 100 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కే ఎత్తుకు సమానం. బోధన్ సుమారు 25 కిలోమీటర్లు. అంటే ఆ పొద్దున మనం 250 మీటర్లు ఎక్కినట్టే, రెండు గోల్కొండ గుట్టలను ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కినట్టు. ఆ 10 కిలోమీటర్ల గాలి పెద్ద గాలేమీ కాదు. ఫోన్లో చూపించే వేగం నేలకు 10 మీటర్ల పైన ఉండే గాలిది. మన ఛాతీ ఎత్తుకు వచ్చేసరికి అది సగానికో, మూడింట రెండొంతులకో తగ్గుతుంది. ఫోన్లో 15–20 కనిపించిందంటే రోడ్డు మీద మన గుట్ట సిద్ధంగా ఉన్నట్టే.

వచ్చేటప్పుడు వెనకగాలి ఉంటుంది కదా, చెల్లుకు చెల్లు అవుతుంది కదా అంటారు. కాదు. కాళ్లు ఎప్పుడూ 66 వాట్లే ఇస్తాయనుకుంటే, గాలి లేని రోజు పోవడానికి 75 నిమిషాలు, రావడానికి 75, మొత్తం 150. ఎదురుగాలిలో వేగం గంటకు 15 కిలోమీటర్లకు పడిపోతుంది, పోవడానికే 99 నిమిషాలు. తిరుగు దారిలో వేగం 26కు చేరుతుంది, 58 నిమిషాల్లో ఊళ్లో ఉంటాం. పోయినవి 24 నిమిషాలు, తిరిగి దక్కినవి 17. గాలి దగ్గర మనకు ఏడు నిమిషాల బాకీ ఎప్పుడూ మిగిలే ఉంటుంది, ఎందుకంటే అది ఎక్కువసేపు మన ముఖాన్నే కొట్టింది.

అందుకే దిక్కు చూసి బయల్దేరాలి. ఇక్కడ నిజామాబాద్‌కు ఒక అదృష్టం ఉంది. బోధన్ సరిగ్గా పడమర, ఆర్మూర్ ఈశాన్యం, రెండూ ఇంచుమించు ఒకే దూరం, రెండింటికీ 63వ నంబరు జాతీయ రహదారే. వానాకాలంలో గాలి పడమటి వైపు నుంచి వస్తుంది కాబట్టి బోధన్ దిక్కు పోవాలి. చలికాలంలో ఈశాన్యపు గాలి, అప్పుడు ఆర్మూర్. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే గాలికి ఎదురు పోతే, అలసిన కాళ్లను అదే ఇంటికి తోస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ గాలీ ఎక్కుతుంది గనక ఐదున్నరకే రోడ్డెక్కడం మేలు.

గాలితో ఆడుకోవడం చదును దేశాల వాళ్లకు కొత్త కాదు. నెదర్లాండ్స్‌లో 2013 నుంచి ఎదురుగాలి సైకిల్ పోటీలు జరుగుతున్నాయి. సముద్రపు పోటుకు అడ్డంగా కట్టిన కట్ట మీద 8.5 కిలోమీటర్లు, గేర్లు లేని సైకిళ్ల మీద, గాలి గంటకు 50 కిలోమీటర్లు దాటిన రోజునే పెడతారు.

మన దగ్గర గాలికి అడ్డు ఒకటి ఉండేది, చెరుకు. ఎదిగిన చెరుకు రెండున్నర మీటర్లు దాటుతుంది. సైకిల్ మీద కూర్చున్న మనిషి తల 1.6, 1.7 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తోట పక్క నుంచి పోతుంటే గాలి నెత్తి మీదుగా పోయేది. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధన్ శక్కర్‌నగర్‌లో 2015 డిసెంబరులో మూతపడ్డది. చెరుకు తగ్గి వరి పెరిగింది. వరి ఎత్తు మీటరే, నడుము దాకా కూడా అడ్డు రాదు. ఫ్యాక్టరీ మూతతో పోయిన బతుకుల ముందు సైకిలోళ్ల నష్టం ఏపాటిది! కానీ ఆ దారిన పోతూ ముఖానికి గాలి తగిలినప్పుడల్లా ఆ తోటలు గుర్తొస్తాయి. ఎదురుగాలి రోజున బోధన్ పోయి రావడానికి ఒంట్లో ఖర్చయ్యేది సుమారు 600 కిలోకెలరీలు. చక్కెరలో కొలిస్తే 150 గ్రాములు.

సైకిల్ కొనేవాళ్లకు ఒక మాట. షోరూములో మందపాటి గుబ్బల టైర్ల మౌంటెన్ బైక్ చూడ్డానికి గట్టిగా ఉంటుంది. తారురోడ్డు మీద ఆ టైర్ల రాపిడి రెట్టింపు దాకా ఉండొచ్చు. 66 వాట్ల పని 94 అవుతుంది. మల్లారం అడవి మట్టిదారులకూ కాల్వ కట్టలకూ అది పనికొస్తుంది. రోజూ రోడ్డు మీదే తొక్కేవాళ్లు 35–40 మిల్లీమీటర్ల నున్నటి టైర్లు వేసుకోవాలి. వాన పడ్డాక రేగడి నేల మీదికి మాత్రం ఏ సైకిలూ తీసుకెళ్లొద్దు. మట్టి బ్రేకుల సందులో ముద్దలా పేరుకొని చక్రమే తిరగదు.

పల్లేరుగాయలు, తుమ్మముళ్లు ఏడాది పొడుగునా ఉంటాయి, పంక్చర్ సామాను సంచిలో ఉండాల్సిందే. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు. తెల్లవారుజామున ఆ రాళ్లు కనపడవు, లైటు తప్పనిసరి.

నలుగురు కలిసి వరుసగా తొక్కితే వెనకవాళ్లకు గాలి భారం మూడో వంతు దాకా తగ్గుతుంది. తలా రెండు నిమిషాలు ముందుండి తప్పుకుంటూ పోతే చాలు. నిజమైన ఎక్కుడే కావాలంటే ఆర్మూర్ సిద్ధుల గుట్టకు ఘాట్ రోడ్డుంది. ఇంకా దూరం పోగలిగితే నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్.

దూరాల మీద మోజున్నవాళ్లు బ్రెవేలకు, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్రలకు పోతారు. అందులో మొదటి మెట్టు 200 కిలోమీటర్లు, గడువు పదమూడున్నర గంటలు. మన లెక్కలో అది నాలుగుసార్లు బోధన్ పోయి రావడం. ఎదురుగాలి రోజున కూడా, 66 వాట్లతోనే, ఒక్కో విడతకు 157 నిమిషాల చొప్పున మొత్తం 10 గంటల 28 నిమిషాలు. చాయకూ, టిఫినుకూ, పంక్చర్లకూ ఇంకా మూడు గంటలు చేతిలో ఉంటాయి.