గార్డెన్ రీచ్‌లో ఖాళీ బల్లలు

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలలో రైల్వే ఉద్యోగి ఉన్న ఇంట గార్డెన్ రీచ్ పేరు వినని పిల్లవాడు ఒకప్పుడు ఉండేవాడు కాదు. బదిలీ ఉత్తర్వు గార్డెన్ రీచ్ నుంచి రావాలి. పదోన్నతి జాబితా గార్డెన్ రీచ్‌లో ఆగిపోయింది. పెన్షను కాగితాలు గార్డెన్ రీచ్ వెళ్లాయి. అది హుగ్లీ ఒడ్డున ఉన్న పేట అనీ, అవధ్ నవాబు వాజిద్ అలీషా 1856లో రాజ్యం పోగొట్టుకొని వచ్చి తలదాచుకున్నది ఆ చాయలనే అనీ వారిలో చాలామందికి తెలియదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకూ, 1955 నుంచి ఆగ్నేయ రైల్వేకూ ప్రధాన కార్యాలయం అక్కడ ఉన్నది. వారికి అంతవరకే అవసరం.

2025 ఫిబ్రవరిలో, బడ్జెట్ సమావేశాల నడిమి విరామంలో కలకత్తా వెళ్లిన ఈ విలేఖరి (కోల్‌కతా అనడం నోటికి ఇంకా అలవడలేదు) ఒక ఆదివారం ఉదయం అక్కడి తెలుగు ఆరాధనకు వెళ్లడం తటస్థించింది. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, "రాజకీయాలు తరువాత మాట్లాడుకుందాం బాబూ, ముందు మా బల్లలు చూడండి" అని పిలిచారు. ఆయన పేరు గానీ, సంఘం పేరు గానీ ఇక్కడ అవసరం లేదు.

చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళితే ఒకవైపు స్త్రీలు, ఒకవైపు పురుషులు. ముందు వరుసలలో తల నెరిసినవారు. వెనుక బల్లలు ఖాళీ. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ముసలమ్మల ఒళ్లలో మూసే ఉన్నది, తెరవవలసిన పని వారికి లేదు. ముగ్గురు నలుగురు యువకులు మాత్రం అవే పాటలను చేతి ఫోనులో ఇంగ్లీషు అక్షరాలలో చూసి పాడుతున్నారు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వ నిర్ణయించింది. ఎన్నికల ముందు కదా! ఖరగ్‌పూర్ తెలుగువారి కోరిక ఆ విధంగా నెరవేరింది. ఆ హోదా ఈ యువకుల దాకా ఇంకా వచ్చినట్లు లేదు. తెలుగు కొత్త నిబంధన 1818లో అచ్చయినది ఇదే నది ఒడ్డున, ఎగువనున్న శ్రీరాంపూర్‌లో అన్న సంగతి తలపునకు వచ్చింది.

ఆరాధన ముగిశాక వరండాలో టీ తాగుతూ సంఘపు పెద్దలు చర్చకు దిగారు. నెలకు ఒక ఆదివారం ఆరాధన ఇంగ్లీషులో జరపాలా, వద్దా అన్నది ప్రశ్న. జనం తగ్గుతున్నారన్న దానిలో అభిప్రాయభేదం లేదు. ఎందుకు తగ్గుతున్నారన్న చోట మాత్రం ఇద్దరు ఒక మాట మీద లేరు. విశ్వాసం చల్లబడిందని పెద్దాయన నమ్మకం. ఫోనులో ప్రసంగం వినడం అలవాటైపోయిందని మరొకరు. ఇందులో కొంత నిజం ఉన్నది. 2020లో లాక్‌డౌన్ వచ్చి ప్రార్థనాలయాలు మూతబడ్డాయి. కలకత్తా లోకల్ రైళ్లు ఆ ఏడు నవంబరు దాకా నడవలేదు. మళ్లీ 2021 మే నుంచి అక్టోబరు చివరిదాకా సామాన్యునికి లేవు. దూరపు పేటల నుంచి రైలెక్కి వచ్చే కుటుంబాలకు అన్ని నెలలు ఇల్లే గుడి అయింది. అలవాటు తప్పినవారు అందరూ తిరిగి రాలేదు.

సంఘపు లెక్కలు చూసే ఉపాధ్యాయురాలు ఒకామె అంతవరకు మాట్లాడలేదు. చేతిసంచిలోంచి నోటుపుస్తకం తీసి, "ఎంతమంది తగ్గారని కాదండీ, ఎవరెవరు తగ్గారో చూడండి" అన్నది. అందులో కుటుంబాల పేర్లు, ప్రతి పేరుకు ఎదురుగా ఒక వాక్యం ఉన్నాయి. 'విశాఖ వెళ్లిపోయారు.' 'కొడుకు దగ్గర, బెంగుళూరు.' 'రాత్రి డ్యూటీ.' 'కోడలికి తెలుగు రాదు.' 'మనస్పర్థ, ఎవరూ వెళ్లి పలకరించలేదు.' చివరి వాక్యం చదివినప్పుడు వరండాలో కొంతసేపు ఎవరూ కప్పు ఎత్తలేదు.

ఆ నోటుపుస్తకంలో ఈ విలేఖరికి కనిపించినది ప్రభుత్వ విధానాల చరిత్ర. 2003లో భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే ఏర్పడి వాల్తేరు డివిజన్ అటు వెళ్లింది. దానితో ఉత్తరాంధ్ర ఉద్యోగికి గార్డెన్ రీచ్‌తో తరాల నాటి ముడి తెగింది. రేవు కథా అటువంటిదే. 1977లో హల్దియా రేవు తెరిచారు, ఆ తరువాత సరుకు పెట్టెలలో రావడం మొదలైంది. బస్తాలు మోసే చేతులతో పని తగ్గింది. తండ్రి ఉద్యోగం కొడుకుకు రాని చోట కొడుకు నిలవడు. కొడుకు లేని చోట బల్ల ఖాళీ అవుతుంది. దీనిని విశ్వాసభంగం అనడం అన్యాయం.

ఈ పొరపాటు కొత్తది కాదు. 1851 మార్చి 30వ తేదీ ఆదివారంనాడు ఇంగ్లండు, వేల్సులలో ఆరాధనకు వెళ్లినవారిని ప్రభుత్వమే లెక్కించింది. జనాభా సుమారు 1 కోటి 79 లక్షలు, నమోదైన హాజరీలు సుమారు 1 కోటి 9 లక్షలు. ఉదయం వచ్చినవాడు సాయంత్రమూ వస్తే రెండు హాజరీలు పడ్డాయి. వెళ్లగలిగి ఉండీ వెళ్లనివారు 50 లక్షల పైచిలుకని నివేదిక రాసిన హొరేస్ మాన్ తేల్చాడు. దేశం నివ్వెరపోయింది. అయితే శ్రామికులు రాకపోవడానికి అతడు చూపిన కారణాలలో బల్లలకు అద్దె కట్టించుకునే ఆచారం ఒకటి. అద్దె కట్టలేనివాడు వెనుక నిలబడాలి. అవమానం పడలేక మానుకున్నాడు. ఆ గణన మళ్లీ జరగలేదు.

మన రాష్ట్రాలకు వస్తే లెక్క తలకిందులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 జనాభా లెక్కల ప్రకారం క్రైస్తవులు 4.19 శాతం. 2011 నాటికి 1.34 శాతం. కృష్ణా, గుంటూరు జిల్లాలలో ఆదివారం ఉదయం పల్లెదారిన వెళ్లినవారెవరూ ఈ అంకెను నమ్మరు. కారణం 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడవ పేరా. హిందువు కానివారికి ఆ హోదా లేదన్నారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. దళిత క్రైస్తవునికి సడలించలేదు. ఇచ్చేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. 2022లో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషన్ వేశారు. ఈ విలేఖరి ఢిల్లీలో ఉన్నన్నాళ్లుగా ఏ పక్షం అధికారంలో ఉన్నా ఈ ఫైలు బల్ల మీదే ఉన్నది. బిడ్డ కాలేజీ సీటు కోసం మనిషి ఒక కాగితంలో ఒకటి రాసి, ఆదివారం మరొక చోట కూర్చుంటే, ఆ రెండు నాలుకలు అతనివా, రాజ్యానివా?

ఒంగోలు ప్రాంతంలో 1876-78 కరువునాడు బకింగ్‌హామ్ కాలువ పనిలో కూలి ఇప్పించిన క్లౌ దొర, తిండి కోసం మతం మారతారేమోనన్న శంకతో బాప్తిస్మాలు నిలిపివేశాడు. కరువు తగ్గాకనే, 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మందికి ఇప్పించాడు. ఆ అంకెనే అందరూ చెప్పుకుంటారు. లెక్క పెరిగే అవకాశం చేతిలో ఉన్నప్పుడు ఆపిన నెలలను గురించి ఎవరూ చెప్పరు.

వరండాలో వాదం ఇంగ్లీషు మీదికి తిరిగి వచ్చింది. "తెలుగు పోయాక మనం విడిగా ఎందుకమ్మా? ఇంగ్లీషు చర్చిలు ఊరంతా ఉన్నాయి" అన్నారు పెద్దాయన. దీనికి జవాబు చెప్పడం సులభం కాదు. ఇంగ్లీషు ఆరాధన విశాఖ వెళ్లినవారిని వెనక్కి తేలేదు. ఇక్కడే ఉండి అర్థం కాక మానుకున్న ఇరవై ఏళ్లవారిని మాత్రం నిలపవచ్చు. "తెలుగు మిగలాలంటే ముందు పిల్లలు మిగలాలి కదా, అంకుల్" అన్నది ఉపాధ్యాయురాలు. పాట తెలుగులో, ప్రసంగం ఇంగ్లీషులో పెడదామనీ, ఆరాధన తరువాత అరగంట అక్షరాలు తానే నేర్పుతాననీ, రాత్రి డ్యూటీవారి కోసం సాయంకాలపు ప్రార్థన ఒకటి చూద్దామనీ ఆమె సూచన. ఈ విలేఖరి మొగ్గు ఆమె వైపే. కానీ పెద్దాయన ముఖం చూస్తూ ఆ మాట పైకి అనలేకపోయాడు. నిర్ణయం మరుసటి నెలకు వాయిదా పడింది. మనస్పర్థ ఉన్న ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లాలని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు.

ట్రాము మార్గాలు మూతబడిన దారిలో బస్సు కోసం నిలబడ్డప్పుడు పెద్దాయన అసలు ప్రశ్న అడిగారు. విశాఖలో దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించారు. ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కొత్త జోన్ వస్తే పాత జోన్ల ఉద్యోగుల నుంచి ఆప్షను అడగడం రైల్వేలో రివాజు. ఆయన కొడుకు ఇక్కడి కార్యాలయంలోనే పనిచేస్తున్నాడు.

"ఢిల్లీలో ఉంటారు, మీకు తెలుస్తుంది. ఆ ఆఫీసు ఎప్పటికి తెరుస్తారు బాబూ?" అన్నారు. త్వరగా తెరవాలని కోరుతున్నారో, ఆలస్యం కావాలని కోరుతున్నారో ఆయన గొంతును బట్టి చెప్పడం సాధ్యం కాలేదు.