కొత్త అక్వేరియం: చేపల కంటే ముందు నీళ్ళు

రెండేళ్ళ క్రితం మా అమ్మాయి ఆరో పుట్టినరోజుకి అక్వేరియం కొన్నాను. ఇరవై గ్యాలన్లది, అంటే సుమారు 75 లీటర్లు. శనివారం పొద్దున వెళ్ళి తొట్టె, ఫిల్టరు, హీటరు, గులకరాళ్ళు, ఎనిమిది చేపలు అన్నీ ఒకే ట్రిప్పులో తెచ్చేశాను. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోగొట్టే కండిషనర్ కూడా సీసా మీద రాసినట్టే వేశాను. సాయంత్రానికి నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మంగళవారం రెండు చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ కనిపించాయి. ఆదివారానికి ఒక్కటే మిగిలింది. "నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి కదా నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. నా దగ్గర జవాబు లేదు.

ఆ వారమే భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా మేనమామతో ఫోన్లో ఈ సంగతి చెప్పాను. "నీళ్ళు తయారు చేసుకోకుండా ఎవరైనా పిల్లని వదుల్తారేంట్రా? అమ్మోనియా చూశావా?" అన్నాడు. చూడలేదు. మన భాషలో చెప్పాలంటే, టెస్టింగ్ అన్నదే లేకుండా ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోయానన్నమాట. ఆ తర్వాత నేర్చుకున్నది ఇక్కడ వివరించడానికి ప్రయత్నిస్తాను.

తొట్టెలో జరిగేదేమిటి?

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి. తినగా మిగిలిన మేత కుళ్ళినా అదే వస్తుంది. చెరువులో నీళ్ళెక్కువ, చేపలు తక్కువ. తొట్టెలో అలా కాదు. ఎక్కడిదక్కడే పేరుకుపోతుంది, మొప్పలని దెబ్బతీస్తుంది.

దీన్ని తొలగించే పని బ్యాక్టీరియాది. రెండు ప్రాసెస్‌లున్న పైప్‌లైన్‌లా ఊహించుకోండి. మొదటి దశలో నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తాయి. రెండో దశలో నైట్రోస్పైరా వంటివి నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మధ్యలో వచ్చే నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలో చేరితే రక్తం గోధుమ రంగుకి తిరిగి ఆక్సిజన్‌ని మొయ్యలేదు. నీటిలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా చేప ఊపిరాడక చస్తుంది. చివర్లో వచ్చే నైట్రేట్ వీటికంటే చాలా నయం. అప్పుడప్పుడు కొంత నీళ్ళు మారిస్తే సరిపోతుంది.

రెండో దశ పని నైట్రోబ్యాక్టర్‌దని అక్వేరియం పుస్తకాలు చాలాకాలం రాశాయి. మంచినీటి అక్వేరియంలలో ఆ పని నైట్రోస్పైరాదని 1998లో హొవానెక్ బృందం చూపించింది. రెండు దశలనీ ఒక్కటే చెయ్యగల నైట్రోస్పైరా రకాలున్నాయని 2015లో తేలింది.

ఈ బ్యాక్టీరియాతో చిక్కల్లా వాటి నిదానం. పేగుల్లో ఉండే ఈ-కోలై అనుకూలమైన చోట ఇరవై నిమిషాల్లో రెట్టింపవుతుంది. వీటికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. పైగా మొదటి దశ అవుట్‌పుట్ వస్తే గాని రెండో దశకి తిండి ఉండదు. అందుకే కొత్త తొట్టె తయారవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే "సైక్లింగ్" అంటారు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఇవి ఎక్కువగా ఉండేది నీళ్ళలో కాదు, ఫిల్టర్ స్పాంజి మీదా, గులకరాళ్ళ మీదా. మనం పెంచుతున్నది నిజానికి ఫిల్టర్‌నే.

కుళాయి నీళ్ళలో ఏముంది?

బకెట్లో నీళ్ళు రాత్రంతా ఉంచితే క్లోరిన్ పోతుందని మనవాళ్ళు చెప్పే చిట్కా అన్నిచోట్లా పనిచెయ్యదు. అమెరికాలో చాలా ఊళ్ళలో క్లోరిన్‌కి బదులు క్లోరమిన్ వాడతారు. శాన్‌ఫ్రాన్సిస్కో 2004లో దీనికి మారింది. క్లోరమిన్ అంటే క్లోరిన్, అమ్మోనియాల కలయిక. అది అంత తేలిగ్గా గాలిలోకి పోదు. కండిషనర్ వేస్తే క్లోరిన్ విరిగిపోయి కాస్త అమ్మోనియా మిగులుతుంది. దాన్ని కూడా పట్టి ఉంచే రకం కండిషనర్ కొనుక్కోవడం మంచిది.

రెండోది పీహెచ్. టెస్ట్ కిట్ చూపేది మొత్తం అమ్మోనియా. అందులో ఎక్కువ విషమైన రూపం 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉంటే సుమారు అర శాతం. పీహెచ్ 8 అయితే ఐదు శాతం పైనే. కిట్‌లో రంగు ఒకటే, ప్రమాదం పదింతలన్నమాట.

మూడోది ఆల్కలినిటీ. ఈ బ్యాక్టీరియా పనిచేస్తున్నకొద్దీ ఆమ్లం పుడుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి ఏడు మిల్లీగ్రాముల పైగా ఆల్కలినిటీ ఖర్చవుతుంది. లండన్ వంటి సున్నపు నీళ్ళున్న చోట దీని గురించి బెంగ లేదు. ఖనిజాలు తక్కువున్న నీళ్ళయితే పీహెచ్ పడిపోయి బ్యాక్టీరియా పని దాదాపు ఆగిపోతుంది.

చేపలు లేకుండా సైక్లింగ్

1. తొట్టె నింపి, కండిషనర్ వేసి, ఫిల్టర్‌ని రాత్రీ పగలూ నడపండి. నీటి వేడి 27 డిగ్రీల దగ్గర ఉంచండి.

2. సువాసన, సబ్బు కలపని అమ్మోనియా తీసుకోండి. సీసా ఊపితే నురగ నిలిచిపోయేది వద్దు. పది శాతం ద్రావణమైతే 75 లీటర్లకి ఒకటిన్నర మిల్లీలీటర్లు వేస్తే సుమారు 2 పీపీఎం వస్తుంది. పిల్లలకి అందనివ్వకండి, బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

3. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ రోజు విడిచి రోజైనా చూసి రాసుకోండి. మొదటి వారం ఏ మార్పూ ఉండకపోవచ్చు. తర్వాత అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. అమ్మోనియా సున్నాకి వచ్చినప్పుడల్లా మళ్ళీ వెయ్యండి.

4. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే పాసైనట్టు. మర్నాడు ఇంకోసారి పరీక్షించి నిర్ధారించుకోండి.

5. సగానికి పైగా నీళ్ళు మార్చి నైట్రేట్ తగ్గించండి. చేపలని కొద్దికొద్దిగా చేర్చండి.

మా లాగ్ ఇలా ఉంది. తొమ్మిదో రోజు నైట్రైట్ మొదటిసారి కనిపించింది. పదిహేడో రోజుకి అమ్మోనియా ఒక్క రోజులో మాయమైంది. ఇరవైనాలుగో రోజున అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. చూస్తే పీహెచ్ 6.2. సగం నీళ్ళు మార్చగానే మళ్ళీ కదలిక వచ్చింది. ముప్ఫైనాలుగో రోజున పాసైంది.

ఇప్పటికే చేపలుంటే?

కంగారు పడి తొట్టె మొత్తం కడిగెయ్యకండి. రోజూ పరీక్షించండి. అమ్మోనియా, నైట్రైట్ కనిపిస్తే పావు నుంచి సగం వరకు నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళకి కండిషనర్ వేసి, అదే వేడికి తెచ్చి పొయ్యండి. మేత తగ్గించండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్ ఆ బ్యాక్టీరియాని చంపేస్తుంది. తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే ముంచి పిండండి.

త్వరగా కావాలంటే ఒక మంచి దారి ఉంది. ఆరోగ్యంగా ఉన్న పాత అక్వేరియంలోని స్పాంజి ముక్క తడిగా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టుకోవడం. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కొన్ని పనిచేస్తాయి, కొన్ని చెయ్యవు. ఏది వాడినా నాలుగో అంకెలోని పరీక్ష మాత్రం మానకండి.

మాకు మిగిలిన ఆ ఒక్క చేపని ఆ నెల రోజులూ ఒక సహోద్యోగి ఇంటి అక్వేరియంలో ఉంచాం. అప్పుడే ఆయన స్పాంజి ముక్క ఒకటి అడిగి ఉంటే మూడు వారాలైనా కలిసొచ్చేవి! టెస్ట్ ట్యూబుల్లో రంగులు చూసి నోట్‌బుక్‌లో రాసే పని మా అమ్మాయే తీసుకుంది. ముప్ఫైఐదో రోజున రెండో పరీక్షలో కూడా సున్నాలు చూసి, "ఇప్పుడు తెచ్చుకోవచ్చు నాన్నా" అని తనే చెప్పింది. ఆ సాయంత్రం వెళ్ళి ఆ చేపని ఇంటికి తెచ్చుకున్నాం.